కొట్టంలో పిచ్చమ్మక్క

జున్ను గిన్నె మీద విస్తరాకు మూసి, కొంగు కింద పెట్టుకుని ఓబులమ్మ తన అక్క పిచ్చమ్మ ఇంటికి పోయేసరికి తలుపుకు గొళ్ళెం వేసి ఉంది. ఆ రోజుల్లో ఊరంతా కల్లాల దగ్గరే ఉండేది. కంది కోతలు అయిపోయాయి, కట్టె ఎండింది. మబ్బు పట్టకముందే కొట్టి గింజ ఇల్లు చేర్చుకోవాలని పిల్లా పెద్దా పొద్దున్నే పోయి పొద్దుగూకాక వచ్చేవాళ్ళు. పెద్దారవీడు అవతల, నల్లమల అంచున, గుట్ట కింద ఉన్న ఊరది. మధ్యాహ్నం పూట వీధిలో కుక్కలు తప్ప ఏమీ కదిలేవి కావు.

"అక్కా!" అని పిలిచింది. జవాబు లేదు. ఇంటి వెనక కొట్టంలో లేగదూడ అరిచింది.

ఓబులమ్మ ఇల్లు చుట్టి వచ్చి కొట్టంలోకి తొంగిచూసింది. ఎద్దులు కల్లానికి పోయాయి, గాడి ఖాళీగా ఉంది. ఒక గుంజ దగ్గర లేగదూడ. దాని పక్క గుంజ దగ్గర, గోనెపట్ట మీద, పిచ్చమ్మ కూర్చుని ఉంది. వంగి ఏదో విప్పుతోంది. అక్క దూడకు పలుపు విప్పుతోందనే మొదట అనుకుంది ఓబులమ్మ. దగ్గరికి పోయాక కనబడింది. ఆ పలుపు ఒక కొస గుంజకు ఉంది, రెండో కొస పిచ్చమ్మ కుడికాలికి, చీలమండ పైన ఉంది. తాడు ఒరుసుకోకుండా కింద పాత చీర పీలిక చుట్టారు. ఆ పీలికను చూడగానే ఓబులమ్మకు వీపు మీద చన్నీళ్ళు పడ్డట్టయింది. కట్టినవాళ్ళు నిదానంగా, ఆలోచించి కట్టారు.

పిచ్చమ్మ ముడిని గోళ్ళతో గిల్లుతోంది. విసుగు లేదు, తొందర లేదు. ఎండలో కూర్చుని పిల్లల తలల్లో పేలు చూసినప్పుడు ఎంత ఓపికగా ఉండేదో అంతే ఓపికగా ఉంది.

"ఓబులూ, వచ్చినావా? ఈ ముడి చూడు, ఎట్ల బిగిసిందో. నీ కండ్లు మంచియి గదా, నువ్వు విప్పు," అంది తలెత్తి.

ఓబులమ్మ గిన్నె కింద పెట్టి వంగింది. చేయి ముడి మీద పడేసరికి వెనక నుంచి కేక.

"విప్పొద్దు చిన్నత్తా!"

పిచ్చమ్మ కోడలు కోటమ్మ. కల్లం నుంచి బిడ్డను పడుకోబెట్టడానికి వచ్చినట్టుంది, చంకలో పిల్ల, తల నిండా కందిపొట్టు. పరుగున వచ్చి కొట్టం గుమ్మం దగ్గర ఆగిపోయి ఆయాసపడింది.

"ఏందిది కోటమ్మా? మనిషిని గొడ్డును కట్టేసినట్ల కట్టేస్తారా?"

"మరి ఏం చేయమంటావు? నువ్వే చెప్పు. మొన్న పొయ్యిలో కొరివి తీసుకొని గడ్డివామి కాడికి పోయినాది, చలిమంట ఏసుకుంటదంట. అంతకు ముందు బాయి గట్టున కూచోని కాళ్ళు లోపలికి యాలాడేసినాది. ఇంకోసారి గుట్టదారి పట్టి పోయినాది, గంజి పోస్తున్నారంట యాడనో. నేను కల్లం కాడ ఉండాల్నా, ఈమె ఎనక తిరగాల్నా?"

పిచ్చమ్మ ఆ మాటలన్నీ శ్రద్ధగా వింది. "ఎవరే ఆ ముసలిది?" అని అడిగింది.

కోటమ్మ పిల్లను చంక మార్చుకుంది.

"మరి కొడుకు, చెన్నకేశవులు ఏమన్నాడు?" అంది ఓబులమ్మ.

"ఆయనే కట్టినాడు. కట్టి కల్లం కాడికి వచ్చి ఆ పూట సంగటి ముట్టలే." కోటమ్మ గొంతు తగ్గింది. "బండి కట్టుకొని మార్కాపురం డాక్టరు కాడికి గూడ తీసకపోయినాము గదా. ముసలితనం, దీనికి మందు లేదన్నాడు. మీ అమ్మకు గూడ చివర్లో ఇట్లనే అయిందంట గదా చిన్నత్తా? మీ ఇంటి రక్తంలోనే ఉందేమో అంటాడు ఈయన."

ఓబులమ్మ చేయి ముడి మీది నుంచి దానంతట అదే వచ్చేసింది. కొంగుకు తుడుచుకుంది. "పొద్దుపోతాంది, నేను పోతా," అని లేచింది.

"ఓబులూ, ముడి?" అంది పిచ్చమ్మ వెనక నుంచి.

ఓబులమ్మ తిరిగి చూడలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆగకుండా నడిచింది. అక్క మీద జాలి ఆమెకు ఇంకా పుట్టలేదు. అంతకన్నా ముందు భయం పుట్టింది, అది మనసులో ఇంకదేనికీ చోటివ్వలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే కోడలు భాగ్యమ్మ అడిగింది. "గిన్నె ఏదత్తా?"

"ఏ గిన్నె?"

భాగ్యమ్మ ఒక్క క్షణం అత్త ముఖం వైపు చూసి, "ఏం లేదులే," అని చేటలోకి తల వంచుకుంది.

దసరా నాటి నుంచి ఓబులమ్మకు తన తల మీద తనకు నమ్మకం పోయింది. మొదట్లో చిన్నవి. కొడవలి ఎక్కడ పెట్టిందో గుర్తుండదు. అది ఎవరికైనా ఉండేదే. తర్వాత ఒకరోజు పొయ్యి మీద ఎసరు పెట్టి, పెరట్లోకి పోయి, ఎందుకు వచ్చిందో తెలియక ములగచెట్టు కింద నిలబడిపోయింది. ఇంకోరోజు కోడలిని చచ్చిపోయిన తన కూతురి పేరు పెట్టి పిలిచింది. పిలిచాక నాలుక కరుచుకుంది. భాగ్యమ్మ "ఆ" అని పలికి, అడిగిన చెంబు తెచ్చి ఇచ్చింది.

ఎవరికీ తెలియకుండా ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. గుర్తుంచుకోవలసిన పని ఒక్కొక్కదానికి కొంగు చివర ఒక ముడి వేసుకునేది. బర్రెకు తవుడు నానబెట్టాలి, ఒక ముడి. సుంకులమ్మకు మొక్కు చెల్లించాలి, ఒక ముడి. పని కాగానే విప్పేది. కొన్నాళ్ళు బాగానే జరిగింది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కొంగు ముందుకు లాక్కుంటే ఒక ముడి కనబడింది. చిన్నగా, గట్టిగా, తన చేత్తో వేసినదే. దేనికి? ఓబులమ్మ దాన్ని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. బర్రె సంగతా? కాదు. విత్తనాల సంగతా? కాదు. పొద్దు గుట్ట వెనక్కి దిగింది. ముడి మాత్రం అట్లాగే ఉంది, ఏమీ చెప్పదు. కొట్టంలో అక్క వేళ్ళు గుర్తుకొచ్చి చటుక్కున కొంగు వదిలేసింది.

లోపల మనసులో పేర్లు చదువుకోవడం మొదలుపెట్టింది. ఊళ్ళో చేల పేర్లు. బండచేను, గుట్టకింది చేను, వాగొడ్డు చేను. బర్రెల పేర్లు. పోయిన బిడ్డల పేర్లు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా గుండె కుదుటపడేది. మళ్ళీ మొదటి నుంచి.

వాకిట్లో ఆమె కొడుకు మాలకొండయ్య జనపనార ముందు వేసుకుని కూర్చున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, రెండు అరచేతుల మధ్య పేనుతున్నాడు. నార కిర్రుమంటోంది. కల్లం నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు, ఆ పని మీద కూర్చున్నాడు.

"ఏంది నాయనా అది?" అంది ఓబులమ్మ.

"పలుపమ్మా."

"ఎవరికి?"

అడిగినదేమిటో అడిగాక అర్థమైంది. ఎవరికి అంది, దేనికి అనలేదు. మాలకొండయ్య చేతులు ఆగాయి. తల్లి వైపు చూడకుండా, "తువ్వాయికి. పాతది తెగింది," అన్నాడు.

నిజమే కావచ్చు. మరుసటి పొద్దున ఆ కొత్త తాడు తువ్వాయి మెడలోనే కనబడింది కూడా. కానీ ఆ రాత్రంతా ఓబులమ్మకు నార కిర్రుమనే చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం భాగ్యమ్మ సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ కుండ సర్ది తట్టలో పెట్టింది. బిడ్డకు ఒళ్ళు వెచ్చగా ఉంటే తను పొద్దున కల్లానికి పోకుండా ఇంట్లో ఆగిపోయింది. "నేను పోయేసి వస్తా గదా, కొంచెం సేపు బిడ్డను చూడు అత్తా," అంది.

"నేను పోలేనా? కాళ్ళు పడిపోయినాయా నాకు?" ఓబులమ్మ తట్ట అందుకుంది. ఈ మధ్య ఏ చిన్న పని వద్దన్నా ఆమెకు కోపం వచ్చేస్తోంది.

కల్లానికి దారి ఊరి చివర రేగుచెట్ల మధ్య నుంచి పోతుంది. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి ఆమె నడిచిన దారి. అక్కకు ఆ ఊళ్ళో సంబంధం కుదిరాక తనకూ అక్కడే కుదిర్చారు. అక్క ముందూ తను వెనకా తట్టలు ఎత్తుకుని పోయేవాళ్ళు. అది తలుచుకుంటూ నడిచింది. రేగుచెట్లు దాటింది. ఎక్కడో ఒక చోట పాదం కింద నేల గట్టిపడి, పలకరాళ్ళు తగిలాయి.

ఓబులమ్మ ఆగింది.

ఎదురుగా తంగేడు పొదలు. ఎడమన గుట్ట. కుడిపక్కన కూడా గుట్ట లాంటిదే ఒకటి. కాలిబాట ముందుకు పోయి రెండుగా చీలుతోంది. అంతా ఎప్పుడూ చూసినట్టే ఉంది, కానీ ఎప్పుడు చూసిందో తెలియడం లేదు. ఊరు ఏ పక్క? వెనక్కి తిరిగింది. వెనక కూడా తంగేడు పొదలే. తట్ట తలమీద బరువుగా ఒత్తుతోంది. మజ్జిగ కుండ కదిలి చుక్కలు మెడ మీద పడుతున్నాయి. అరుద్దామనుకుంది. అరిస్తే ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్ళు అడుగుతారు. ఊరంతా తెలుస్తుంది. తర్వాత...

అరవలేదు. చేల పేర్లు చదువుకుంది. బండచేను. బండచేను తర్వాత ఏది? రాలేదు. తట్ట దించి, అక్కడే రాతి మీద కూర్చుంది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. మేకల మెడగంటలు వినబడ్డాయి. పొదల్లోంచి గొర్రెలు, మేకలు వచ్చి ఆమెను రెండు పాయలుగా దాటుకుని పోయాయి. వెనక గొంగడి భుజాన వేసుకుని గొల్ల గంగయ్య, కర్రతో నేల తడుముకుంటూ వస్తున్నాడు. ఆమె కన్నా కొంచెం పెద్దవాడు.

"ఎవరదీ కూచోని ఉండేది? కండ్లు ఆనడం లేదు, పేరు చెప్పు," అన్నాడు నిలబడి.

"నేనే గంగయ్యా, ఓబులమ్మను."

"వదినా! సంగటి వాసన వస్తాంది. కల్లం కాడికా? కల్లం ఆ పక్క గదా, ఇటెందుకొచ్చినావు? ఇది చిరతపులి తిరిగే తావు. మొన్న మా మేకపిల్లను ఎత్తకపోయింది."

"తంగేడాకు కోసుకుందామని," అంది ఓబులమ్మ. తట్ట నిండా అన్నం పెట్టుకుని, చేతిలో ఒక్క ఆకు లేకుండా.

గంగయ్య కర్ర చాపి ఒక పక్కకు చూపించాడు. "మా కోడలు ముందర పోతాంది, మందను నడిపేది ఆమే. నేను ఎనకల నడుస్తా. ముందర నడిస్తే గొర్రెలను నేనే దారి తప్పిస్తా ఇప్పుడు. ఎనక ఉంటే ఏది కుంటుతాందో, ఏది దగ్గుతాందో చెవులకు తెలుస్తాది. పా వదినా, రేగుచెట్ల దాకా నీ పక్కన వస్తా. నీ కండ్లు నాకు, నా దారి నీకు."

కండ్లు కనబడవనే మాట అతను జ్వరం వచ్చిందన్నంత తేలిగ్గా, నడివీధిలో ఎవరికైనా చెప్పినట్టు చెబుతున్నాడు. ఓబులమ్మకు అతని మీద అసూయ కలిగింది. కండ్లు వేరు, చెప్పుకోవచ్చు. కండ్లు పోతే మనిషి మనిషిగానే ఉంటాడు. తనది ఎట్లా చెప్పుకోవడం?

కల్లం దగ్గర మాలకొండయ్య కందికట్టె కొడుతున్నాడు. "ఇంత ఆలస్యమైందేమ్మా?" అన్నాడు.

"ఆ గంగయ్యతో మాటల్లో పడినా," అంది.

ఆ మరుసటి సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు కాస్త ముందు, పిచ్చమ్మ ఇంటి వైపు నుంచి అరుపులు. మొదట ఆడమనిషి గొంతు, ఆ తర్వాత మగవాళ్ళ కేకలు, డబ్బాల చప్పుడు. కల్లాల నుంచి తిరిగొస్తున్నవాళ్ళు కట్టెలు పట్టుకుని పరుగెత్తారు. ఓబులమ్మ కూడా భాగ్యమ్మ వెంట పరుగెత్తింది.

కొట్టం ముందు జనం. మాలకొండయ్య చేతిలో కాగడా. వెలుతురు లోపలికి పడింది. లేగదూడ కట్టేసి ఉండే చోట తెగిన తాడు ముక్క వేలాడుతోంది. నేల మీద నెత్తురు, ఈడ్చుకుపోయిన చార. పెరటి కంచె విరిగి ఉంది. చారకు ఒక చేతి దూరంలో పిచ్చమ్మ గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. చీర అంచు మీద నెత్తురు చిందింది. అది ఆమెది కాదు.

కాగడా చిటపటమంటోంది.

"పెద్ద కుక్క వచ్చింది," అంది పిచ్చమ్మ. "నన్ను చూసింది, దూడను చూసింది. ఛీ ఛీ అన్నా పోలే. దూడ అరుస్తాంది పాపం. లేద్దామంటే నాకు కాలు రాలే."

ఆమె కొడుకు చెన్నకేశవులు జనాన్ని తోసుకుని వచ్చాడు. తల్లి ముందు కూలబడ్డాడు. ముడి విప్పబోయాడు, రాలేదు. నడుముకున్న కొడవలి తీసి తాడు కోశాడు. రెండు మూడు కోతలకు కానీ తెగలేదు. తెగాక ఆ కొడవలి పారేసి తల్లి పాదం రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. గుమ్మం దగ్గర కోటమ్మ నోట కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"పోనీలే, ముసిలామెకు ఏం కాలే, దూడతో పోయింది," అని ఎవరో అన్నారు. ఆ మాటకు ఎవరూ తల ఊపలేదు. అందరూ ఆ రెండు గుంజలనే చూస్తున్నారు. పక్కపక్కనే ఉన్నాయి.

చెన్నకేశవులు లేచాడు. ముఖం తుడుచుకుని, "రేపట్నుంచి ఇంట్లోనే పెడతా. లోపలి అరలో పెట్టి బయట గొళ్ళెం పెడతా. పులి రాదు గదా ఆడికి," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే.

"అక్కను నా ఇంటికి పంపు," అంది ఓబులమ్మ.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. అందరూ తిరిగి చూశారు. పక్కన భాగ్యమ్మ చేయి ఆమె మోచేతిని పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"చిన్నమ్మా, నీకెందుకు ఈ కష్టం..." అన్నాడు చెన్నకేశవులు.

"కట్టేసి ఉండేది చూసి గూడ విప్పకుండ పోయినా నేను. పొద్దున్నే వచ్చి పిలుచుకొని పోతా."

ఇంటికి వచ్చాక భాగ్యమ్మ పొయ్యి ముట్టించి, జొన్నపిండి కలుపుతూ, తల ఎత్తకుండా అంది. "నన్ను ఒక మాట అడక్కుండ నలుగురిలో మాట ఇచ్చేసినావు. ఇంటి చాకిరీ, పసిబిడ్డ, కల్లం. ఇద్దరినీ నేనొక్కదాన్నే ఎట్ల చూసుకోవాలత్తా?"

"ఇద్దరినీ అంటే?"

పిండిలో భాగ్యమ్మ చేయి ఆగిపోయింది. పొయ్యిలో కట్టె పక్కకు ఒరిగి నిప్పురవ్వలు లేచాయి. ఆమె దాన్ని లోపలికి తోయలేదు.

ఓబులమ్మ గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. నెలల తరబడి గుండెలో గుప్పిట బిగించి దాచుకున్నది ఇంత చిన్న మాటలో బయట పడిపోయింది. అరవాలా, బుకాయించాలా తేల్చుకోలేకపోయింది. రెండింటికీ ఓపిక లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"దసరా నుంచి." భాగ్యమ్మ గొంతు నెమ్మదిగా ఉంది. "పప్పులో నువ్వు రెండుసార్లు ఉప్పేస్తే నేను నీళ్ళు పోసి మళ్ళా ఉడికిస్తాంటి. నీ కొంగు ముడులు... చీర ఉతకాలంటే విప్పాల గదా. విప్పి, ఉతికి, ఆరినాక మళ్ళా ఎన్నుంటే అన్ని ఏసి పెడతాంటి. నువ్వు ఎతుక్కుంటావేమోనని."

ఓబులమ్మ తన కొంగు వైపు చూసుకుంది. ఆ ముడి తను వేసిందో, కోడలు వేసిందో.

"నిన్న గంగయ్య మామ గూడ దారిలో ఆపి చెప్పినాడు. మీ అత్తను గుట్ట పక్కకు ఒంటరిగా పంపొద్దమ్మా అని. ఇంకేం చెప్పలే, పోయినాడు."

"మాలకొండయ్యకు తెలుసా?"

"తెలుసు. మాట్లాడడు. భయం ఆయనకు. ఆ మాట ఎత్తితే లేచి పోతాడు."

బయట మాలకొండయ్య పశువులకు గడ్డి వేస్తున్న చప్పుడు వినబడుతోంది. ఓబులమ్మ ఆ చప్పుడు వింటూ, తను ఇన్ని రోజులూ ఎవరి కంట పడకూడదని నక్కినక్కి తిరిగిందో వాళ్ళు కూడా తన కంట పడకుండా నక్కినక్కి తిరిగారని అర్థం చేసుకుంది. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక్కటే భయం, ఒకరికొకరు చెప్పుకోలేదు.

"భాగ్యమ్మా, నాకు అట్ల అయితే నన్ను గూడ కట్టేస్తావా?"

భాగ్యమ్మ వెంటనే జవాబు ఇవ్వలేదు. లేదని ఆమె వెంటనే అని ఉంటే ఓబులమ్మ నమ్మేది కాదు.

"తెలీదత్తా," అంది చివరికి. "ఈ పొద్దు అడిగితే కట్టనంటా. కోటమ్మ గూడ మొదట్లో అట్లనే అనింది నాతో. మా అత్తను పువ్వు మాదిరి చూసుకుంటా అనింది. ఆమె చెడ్డది కాదు. అది తలుచుకుంటేనే నాకు వణుకు పుడతాంది."

భాగ్యమ్మ ఒరిగిన కట్టెను లోపలికి తోసింది.

"పొద్దున పెద్దత్తను తీసుకొద్దాం. ఒకటి మాత్రం ఖాయం. ఇంటి కాడ ఇద్దరినీ ఒంటరిగా వదిలేది లేదు. నా ఎంట కల్లం కాడికి రావాల. కంది చెరుగుతారో, కూచోని కాకులను తోలుతారో, నా కండ్ల ముందర ఉంటే చాలు. ఒక పూట నేను, ఒక పూట కోటమ్మ. కోటమ్మకు నేను చెప్తా."

పిచ్చమ్మ మరుసటి పొద్దున ఏ తగువూ లేకుండా వచ్చింది. దారి పొడుగునా చెల్లెలి చేయి పట్టుకుని, "గంజి తొట్టి కాడికేనా? బిరాన నడువు ఓబులూ, మల్ల అయిపోతాది," అంటూనే ఉంది. ధాత సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు నాటికి ఆమె ఆరేడేళ్ళ పిల్ల. అప్పుడే నడక నేర్చిన చెల్లెలిని చంకన వేసుకుని, మైళ్ళు నడిచి, దొరతనం వాళ్ళు గంజి పోసే చోట వరసలో నిలబడేది. ఇన్ని రోజులూ ఆమె గుట్టదారి పట్టి పోతున్నది ఎవరికి గంజి తేవడానికో ఓబులమ్మకు అప్పుడు తెలిసింది. అక్క చేయి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

పెరట్లో భాగ్యమ్మ నీళ్ళు కాచింది. పిచ్చమ్మను పీట మీద కూర్చోబెట్టి కాలి పీలిక తడిపి, మెల్లగా ఊడదీసింది. కింద చర్మం ఎర్రగా పొక్కి, ఒకచోట చిట్లి ఉంది. భాగ్యమ్మ పళ్ళు బిగబట్టి, ఆముదంలో పసుపు కలిపి రాసింది. పిచ్చమ్మ నీళ్ళతో ఆడుకుంటోంది, అరచేత్తో కొట్టి తుంపర్లు లేపుతోంది.

ఓబులమ్మ పక్కన రాతి మీద కూర్చుని చూస్తోంది. ఆ కాలు ఇంకొన్నాళ్ళకు తనది కావచ్చు. భయం పోలేదు. రాత్రి ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కానీ ఇప్పుడు నోరు తెరిస్తే మాట బయటికి వస్తోంది.

"భాగ్యమ్మా, నాకు తెలివి ఉన్నప్పుడే చెప్తా, విను."

"చెప్పత్తా." భాగ్యమ్మ చేయి ఆపలేదు, చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉంది.

"నేను నిన్ను గుర్తుపట్టకుండ తిట్టినాననుకో, అది మనసులో పెట్టుకోవద్దు. ఇప్పుడే చెప్తాండా, నిన్ను తిట్టాల్సింది నాకు ఏం లేదు. నా కూతురి పేరుతో పిలిస్తే ఈమధ్య పలుకుతాండావు గదా, అట్లనే పలుకు."

"ఊ."

"ఇంటికి ఎవరన్నా వస్తే నన్ను లోపలికి తోయొద్దు. నేను ఏదో ఒకటి ఒదరతా. నవ్వితే నవ్వనీ. మా అమ్మను మేము అరలో పెట్టినాము చుట్టాలొస్తే. ఆమె లోపల నుంచి పిలిచేది."

భాగ్యమ్మ చెంబు ఒక్క క్షణం గాలిలో ఆగింది.

"వక్కాకు దంచి పెట్టు. నోట్లో పండ్లు లేవని మానిపించొద్దు. కల్లం రోజుల్లో కల్లం కాడికి తీసకపో, పని చెడగొడతానని ఇంటి కాడ పెట్టొద్దు. చేతిలో చేట పెట్టు. గింజ ఉన్నా లేకున్నా సరే."

"సరే."

ఓబులమ్మ ఆగింది. తర్వాతి మాట కష్టంగా ఉంది. పెరటి గోడ అవతల మాలకొండయ్య నిలబడి ఉన్నాడని, అతను కల్లానికి ఇంకా బయలుదేరలేదని అప్పుడు చూసింది. లోపలికి రావడం లేదు, పోవడమూ లేదు. గోడ మీద పెట్టిన అతని చేయి మాత్రం కనబడుతోంది. ఆమె అతనికి కూడా వినబడేట్టు గొంతు పెంచింది.

"కట్టక తప్పదనే రోజు వస్తాది. బాయి ఉంది, గుట్ట ఉంది, మీకు పనులుంటాయి. అప్పుడు కడితే నాకు కోపం లేదు. కానీ గుంజకు వద్దు. నీ నడుముకో, నా కొడుకు నడుముకో ఒక కొస కట్టుకోండి. మనిషికి కట్టండి నన్ను. మీరు లేచినప్పుడు నేనూ లేస్తా. పులి వస్తే ఇద్దరమూ పరిగెత్తుదాం."

గోడ మీది చేయి కదల్లేదు. కాసేపటికి మాలకొండయ్య దడి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తల్లి ముఖం చూడకుండా వచ్చి భాగ్యమ్మ పక్కన కూర్చుని కుండలోంచి వేన్నీళ్ళు తోడి, చన్నీళ్ళు కలిపి, వేలు ముంచి వేడి చూసి చెంబు భార్యకు అందించాడు. కల్లం ఆలస్యమైపోతోంది. అతను లేవలేదు.

భాగ్యమ్మ ఆ నీళ్ళు పిచ్చమ్మ భుజాల మీద పోసింది. "ఇంకా ఏమన్నా ఉందా అత్తా? అన్నీ చెప్పు. నాకు గుర్తుంటాది," అంది.

"ఉంది," అంది ఓబులమ్మ. "చానా ఉంది."